ఇద్దరికీ ఒకే మంచం

నిద్రపోయినందుకు నన్ను జైల్లో పెట్టారు. ఇప్పుడు నిద్ర పట్టడం లేదని విడుదల చేస్తామంటున్నారు.

ఈ మాట కొమురయ్యతో అంటే కడుపు పట్టుకుని నవ్వాడు. ఈ సైనిక జైల్లో నా గది ముందు కాపలా అతనిది. కరీంనగర్ వైపు మనిషి. మధ్యాహ్నం భోజనం కాగానే స్టూలు గోడకి చేర్చి, తుపాకీ మోకాళ్ళ మధ్య పెట్టుకుని కునుకు తీస్తాడు. పెద్ద సాబ్ తనిఖీకి వస్తుంటే లేపే పని నాది.

"నువ్వెట్లైనా పండవు గదనే దాలన్నా. జర సూస్తుండు. బూట్ల సప్పుడైతే ఊచ మీద కొట్టు."

"కాపలాలో నిద్రపోతేనే నన్ను లోపలేశారు కొమురయ్యా."

"గట్లనకు. గుండె గుబేలుమంటది" అంటాడు. అని, నిద్రపోతాడు.

ఖైదీ మేలుకుని కాపలా కాస్తాడు, కాపలావాడు పడుకుంటాడు. ఈ జైల్లో నేను చూసిన న్యాయం ఇదొక్కటే.

నా పేరు దాలినాయుడు. హవల్దారుని. చారలు పీకేశారు కాబట్టి ఇప్పుడు ఏమీ కాను. శ్రీకాకుళం జిల్లాలో కొండగెడ్డ మా ఊరు. మా ఊళ్ళో ఇంటికొక మనిషి సైన్యంలో ఉంటాడు. బళ్ళో మాకు అక్షరాలు సగం నేర్పి, కవాతు పూర్తిగా నేర్పారు. ఎనిమిదితో చదువు ఆపి, మీసం రాగానే సైన్యంలో చేరాను. చేరిన రోజు జెండా మీద చెయ్యి పెట్టి మాట ఇచ్చాను. ఆ మాట నేను ఇచ్చాను, నిలబెట్టింది మా ఆవిడ. ఆమె పేరు తౌడమ్మ. ఇప్పుడు లేదు.

ఈ పొద్దున డాక్టర్ హైమావతి వచ్చింది. నా చెవి వెనక గింజంత యంత్రం పెట్టిన మనిషి ఆవిడే. విచారణలో నాకు ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పిందీ ఆవిడే. కుర్చీ వేయించుకుని ఊచలకి అవతల కూర్చుంది.

"నువ్వు నిజంగానే నిద్రపోవడం లేదు నాయుడూ. కెమెరాలో అంతా చూశాం. నువ్వు లోపలికి వచ్చిన దగ్గర్నుంచి ఒక్క కునుకు లేదు. అయినా నీ ఆరోగ్యం నిక్షేపంలా ఉంది. అవతల నీ బదులు నిద్రపోయే మనిషి లేకుండా ఇదెలా కుదిరిందో మాకు అర్థం కావడం లేదు."

"అయితే?"

"అయితే, నిన్ను వదలడానికి పైవాళ్ళు ఒప్పుకున్నారు. శిక్ష రద్దు. చారలు తిరిగి ఇస్తారు. మళ్ళీ మంచు పోస్టుకి వెళ్ళాలి. మేం కనిపెట్టి చూస్తాం. ఈసారి ఇంకెవర్నీ పడుకోబెట్టక్కర్లేదు. ఎవరికీ నష్టం లేదు."

ఎవరికీ నష్టం లేదట. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆవిడే తల దించుకుంది.

"రానంటే?"

"గింజ తీసేస్తాం. నిద్ర వస్తుందనే అనుకుంటున్నాం. మిగిలిన శిక్ష ఇక్కడే గడపాలి."

తౌడమ్మ పెద్దకర్మకి ఊరెళ్తానని అడిగితే కుదరదన్నారు. సంవత్సరీకానికి అడిగితే కుదరదన్నారు. నాకు పనిపడినప్పుడు తెరుచుకోని తలుపు వాళ్ళకి పనిపడేసరికి తెరుచుకుంది.

"మా అప్పని ఒకసారి పిలిపించండి. ఆమెతో మాట్లాడాక చెబుతాను" అన్నాను.

అప్ప అంటే మా అక్క అప్పలనరసమ్మ. భర్త పోయాక మా ఇంట్లోనే ఉండేది. తౌడమ్మ నిద్రలో ఉన్నంత కాలం చూసుకున్నది ఆమే. నేను జైలుకి వచ్చాక ఒక్కసారీ నన్ను చూడటానికి రాలేదు. నాకు ఆమెను అడగవలసింది ఒకటి ఉంది. నేను పోస్టులో నిద్రపోయిన రోజున తౌడమ్మ లేచిందా, లేదా? ఈ ఒక్క ముక్క కోసం నేను ఇక్కడ బతికి ఉన్నాను.

*

ఎత్తయిన మంచు పోస్టుల్లో మనిషిని చంపేది శత్రువు కాదు, కునుకు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే గడ్డకడతాడు. మా వాళ్ళు చాలామంది అలా పోయారు. అందుకని ప్రయోగశాల వాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. పెళ్ళయిన సిపాయిలు కావాలన్నారు. పెళ్ళాలతో సహా రమ్మన్నారు.

ఆ గదిలో డాక్టర్ హైమావతి మాకు చెప్పిన మాట నాకు బాగా గుర్తు.

"ఏళ్ళ తరబడి పక్కపక్కన పడుకున్న మనుషులు ఒకే పద్ధతిలో నిద్రపోతారు. మీ ఇద్దరి చెవుల వెనకా వడ్లగింజంత వస్తువు పెడతాం. ఆ తర్వాత మీ ఇద్దరికీ ఒకటే మంచం ఉందనుకోండి. దాని మీద ఒక్కరే పడుకోగలరు. ఎవరు ముందు ఎక్కితే వాళ్ళు ఇద్దరి నిద్రా పోతారు. రెండో మనిషికి నిద్ర రాదు, దాని అవసరమూ ఉండదు. ఆ రెండో మనిషి మందు వేసుకుని ఎక్కితే మాత్రం మొదటి మనిషి దిగి మేలుకోవలసిందే."

"నేనెక్కడో మంచులో, ఈమె ఎక్కడో ఊళ్ళో. దూరం పట్టదా మేడమ్?"

"పట్టదు. ఎందుకు పట్టదో మాకూ ఇంకా పూర్తిగా తెలీదు."

తెలియనిదాన్ని ఇంకొకరి పెళ్ళాం చెవి వెనక పెట్టడానికి వాళ్ళకి చెయ్యి వణకలేదు.

తౌడమ్మకి ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. ఈమెనైనా దక్కించుకోవాలని, పుట్టగానే పొరుగింటికి తౌడుకి అమ్మి, మళ్ళీ వాళ్ళ దగ్గరే కొనుక్కున్నారు. అందుకే ఆ పేరు. తౌడుకి అమ్మిన పిల్లని దేవుడు మరిచిపోతాడని మా వైపు నమ్మకం. దేవుడు మరిచిపోయాడేమో. సైన్యం మరిచిపోలేదు.

మొదటి పరీక్ష అక్కడే చేశారు. తౌడమ్మ నాలుక మీద మందు చుక్కలు వేసి మంచం మీద పడుకోబెట్టారు. నన్ను పక్క గదిలో ఉంచి పొద్దస్తమానం ఇసుక మూటలు మోయించారు, పరుగెత్తించారు, లెక్కలు చెప్పించారు. తెల్లారింది, మళ్ళీ పొద్దు పోయింది, మళ్ళీ తెల్లారింది. నాకు ఆవలింత కూడా రాలేదు. అద్దంలోంచి అవతలికి చూశాను. ఆమె ఎప్పుడూ ముడుచుకుని, చప్పుడు లేకుండా పడుకునేది. ఇప్పుడు వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, గురక పెడుతోంది. రెండు ఎగపీల్పులు, ఒక ఈల. ఆ గురక ఎవరిదో నాకు తెలియలేదు. నర్సు నవ్వుతుంటే అప్పుడు అర్థమైంది. అది నాదే.

లేచాక తౌడమ్మ గొంతు సవరించుకుంది. "నీ గురకతో నా పీక ఎండిపోనాది బావా. ఇన్నాల్లూ పక్కన తొంగుని ఇన్నాను. ఇప్పుడు నానే తియ్యాలేటి?"

"ఇష్టం లేకపోతే వద్దని చెప్పీ. ఇప్పుడే ఎల్లిపోదాం."

ఆమె కాసేపు గోడకేసి చూసింది. "నివ్వు మంచులో కునికి సచ్చీకన్నా నాను ఇంట్లో తొంగోడం నయం గదా. పొలం పనేటి, పశువుల పనేటి? తొంగోడమే గదా పని!"

అలా ఒప్పుకుంది. నవ్వుతూనే ఒప్పుకుంది.

*

రోజంతా ఆమె నిద్రపోయేది. తినడానికి, స్నానానికి ఒక గంట మాత్రం పైకి తేలేది. అప్ప ఆ గంటలో తినిపించి, తల దువ్వి, మళ్ళీ చుక్కలు వేసి పడుకోబెట్టేది. ఆ గంటలో మంచం ఖాళీగా ఉండేది కాబట్టి అక్కడ మంచులో నా కన్ను బరువెక్కేది. పక్కవాడు నా బదులు నిలబడేవాడు.

నా కన్ను బరువెక్కిందంటే అక్కడ ఆమె ముద్ద ఎత్తిందని అర్థం. మా ఇద్దరికీ మధ్య ఉన్న కబురు అదొక్కటే. ఫోన్లు ఎప్పుడో గాని కలిసేవి కావు. కలిసినా ఆమె నిద్రలో ఉండేది. కన్ను బరువు తొందరగా దిగిపోతే సరిగ్గా తినలేదనుకునేవాణ్ణి. కాస్త ఎక్కువసేపు ఉంటే ఈరోజు తలస్నానం అనుకునేవాణ్ణి.

మిగతా వేళంతా మేలుకుని ఉండేవాణ్ణి. గుడారంలో మనుషులు నిద్రపోతుంటే వాళ్ళ ఊపిరి వింటూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఎవరికి చెప్పినా తెలియదు. నిద్రపోయిన మనిషి అక్కడ ఉండడు. రోజూ అందరూ కలిసి ఎక్కడికో వెళ్ళిపోయేవాళ్ళు. నన్నొక్కణ్ణి వదిలేసి వెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చాక ముఖాలు కడుక్కుని కలలు చెప్పుకునేవాళ్ళు. నాకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. నా కలలన్నీ ఊళ్ళో మా ఆవిడ కంటోంది.

ఒకసారి పెద్ద అధికారి హెలికాప్టరులో దిగి నా భుజం తట్టాడు. "మీ పురాణంలోనే ఉందయ్యా ఇది. అన్నకి కాపలా కాసిన తమ్ముడి కోసం ఒక ఇల్లాలు ఏళ్ళకేళ్ళు నిద్రపోయింది. నీ భార్య అంతటిది" అన్నాడు.

నిజమే. పురాణంలో ఆ తల్లి మళ్ళీ లేచింది.

*

సెలవు దొరికినప్పుడు ముందు నన్ను కింద శిబిరానికి దించి, మందు వేసి పడుకోబెట్టేవాళ్ళు. నేను మంచం ఎక్కగానే ఊళ్ళో తౌడమ్మ లేచేది. అప్ప ఫోను కోసం చూడకుండానే వీధిలోకి వెళ్ళి "మా తమ్ముడు ఒచ్చీత్తన్నాడు" అని చాటేది. ఆ తర్వాత నేను రైలెక్కి ఇల్లు చేరేసరికి కోడి పొయ్యి మీద ఉండేది. మా వీధిలో అందరికీ అదే గుర్తు. తౌడమ్మ లేచిందంటే నేను వస్తున్నట్టు.

సెలవులో కూడా మేము కలిసి నిద్రపోలేదు. నేను పడుకుంటే ఆమెకి నిద్ర రాదు. ఆమె పడుకుంటే నాకు రాదు. ఒకరు పడుకుంటే ఒకరు పక్కన కూర్చునేవాళ్ళం.

"నివ్వు గురక తీయట్లేదు బావా. నాలాగ ముడుసుకుని తొంగుంతన్నావు" అంది ఒకసారి. నా గురక ఆమె దగ్గరే ఉండిపోయింది.

చివరి సెలవుకి వెళ్ళేసరికి ఆమె చేతులు పుల్లల్లా ఉన్నాయి. కాళ్ళు తడబడుతున్నాయి. గుమ్మంలో కూర్చుని ఎండని వింతగా చూస్తోంది.

"మా యమ్మ సచ్చిపోనాదంట" అంది. "కోతలప్పుడు పోనాదంట. నన్ను నేపనేదు. నేపితే నీకు నిద్రొచ్చేత్తాదని నేపనేదంట ఒదిన. అందరూ ఏడ్సేసినారు. నాకిప్పుడు ఏడుపు రావట్లేదు బావా. ఆల్లతోటి అప్పుడే ఏడవాలి గదా."

నేను గుమ్మంలో ఆమె పక్కన కూర్చున్నాను.

"ఈపాలి ఒద్దని సెప్పీ బావా. ఈ తొంగోడం నావల్ల కాదు."

చెప్పాను. శిబిరానికి తిరిగి వెళ్ళగానే చెప్పాను. మారుమనిషి లేడు, ఇంకొక్క చలికాలం ఓపిక పట్టమన్నారు. దేశం నీమీద నమ్మకం పెట్టుకుందన్నారు. ఈ మాట ఎవరు అంటారో గమనించాను. వాళ్ళలో ఎవరి పెళ్ళాలూ నిద్రలో లేరు.

ఆ చలికాలం మధ్యలో ఒకరోజు నా కన్ను బరువెక్కలేదు. మర్నాడు కూడా ఎక్కలేదు. వారం చూశాను. రేడియోలో కింది శిబిరాన్ని అడిగితే జవాబు వచ్చింది. మంచు తుఫానులు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి ఆ గంట కూడా తీసేశారట. గొట్టం ద్వారా పోషణ ఇస్తున్నారట. అంతా క్షేమమట.

అంటే ఆమె తినడం లేదు. తల దువ్వుకోవడం లేదు. ఎండ చూడటం లేదు. నన్ను నిలబెట్టడానికి వాళ్ళు ఆమెని పాతిపెట్టేశారు, ఊపిరి ఆడేలా.

పోస్టులో మందుల పెట్టె ఉంటుంది. గాయపడినవాడికి ఇచ్చే మత్తుసూది అందులో ఉంటుంది. నా వంతు కాపలాకి ఎక్కినప్పుడు ఆ సూది తీసుకుని తొడలో గుచ్చుకున్నాను. పడుకునే దళసరి సంచిలో దూరి తల కప్పుకున్నాను. తెలిసే పడుకున్నాను. మంచం నేను ఎక్కితే ఆమె దిగుతుంది. నాకు ఏం చేసినా సరే, ఆమె ఒక్క పూట లేచి ఒక ముద్ద తినాలి. అంతే అనుకున్నాను.

నేను కప్పుకున్న దుప్పటి ఎవరో లాగేసినట్టు లేచాను. మధ్యాహ్నపు ఎండ మంచు మీద మండుతోంది. బుర్రలో మత్తన్నది లేదు. అప్పుడే గస్తీ వాళ్ళు పైకి వస్తున్నారు. సంచి చూశారు, సూది చూశారు.

వారం తిరక్కుండా పెట్టిన విచారణలో మందుల సిపాయి చెప్పాడు, ఆ సూది పడిన మనిషి మర్నాటి దాకా కళ్ళు తెరవడని. నేను కొద్ది గంటల్లోనే ఎలా లేచానో ఎవరూ అడగలేదు. డాక్టర్ హైమావతి చెప్పింది, తౌడమ్మ ఆ రోజు అసలు లేవలేదని, ఇంట్లోవాళ్ళు అలాగే చెప్పారని, సాయంత్రం దీపాలు పెట్టే వేళ నిద్రలోనే పోయిందని. ఆమె చనిపోయిందని నాకు తెలిసింది ఆ సాక్ష్యంలోనే. అంతవరకూ నాకు ఎవరూ చెప్పలేదు.

నేను లేచింది మధ్యాహ్నం. ఆమె పోయింది సాయంత్రం. మధ్యలో ఏం జరిగింది? నేను మంచం మీద ఉన్నప్పుడు ఆమె కళ్ళు తెరవకుండా ఎలా ఉంది? అప్పటినుంచి ఇదే నా బుర్రలో తిరుగుతోంది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు.

*

అప్ప వచ్చింది. పెద్దదైపోయింది. ములాఖత్ గదిలో ఇనుప వల ఉంటుంది. అటు ఆమె, ఇటు నేను. గుమ్మం దగ్గర కొమురయ్య ఆమె తెచ్చిన డబ్బా మూత తీసి చూస్తున్నాడు.

"ఇవేందమ్మా, తీగ సుట్టలా?"

"జంతికలు బాబూ. నా తమ్ముడికి."

"ఇరగ్గొట్టి సూడాలె. రూలు." ఒకటి విరిచి సగం నోట్లో వేసుకున్నాడు.

"నమలమని కూడా రూలుందేటి?"

"నమిలితేనే గదమ్మా, లోపల ఏమున్నదో ఎరకయ్యేది" అని డబ్బా మాకు వదిలి బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

అప్ప నన్ను చూసి ఏడవలేదు. "తిన్నావేటి?" అంది.

"అప్పా, తౌడు లెగిసినాదా?"

చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సెప్పప్పా. నన్ను వొదిలేత్తామంతన్నారు. బయటికెల్లినా నాకు ఇదే జైలు. లెగిసినాదా, నేదా?"

"లెగిసినాది" అంది.

నేను వలకి ఇంకా దగ్గరగా జరిగాను.

"పొద్దున్నే లెగిసి కూకున్నాది. గొట్టం పీకీసినాది. నాను పేడ తీసి లోపలికొచ్చి సూద్దును గదా, మంచమ్మీద కూకుని నన్నే సూత్తన్నాది. ఆకలే ఒదినా అన్నాది."

"తిన్నాదా?"

"తిన్నాది తమ్ముడా. చోడంబలి ఇచ్చినాను. ఉల్లిపాయ కొరుక్కుని గిన్నె నాకీసినాది. ఇంకాస్త పొయ్యమన్నాది. వాకిట్లో ఎండలో కూకోబెట్టి తల దువ్వినాను. బొట్టెట్టుకున్నాది. ఎంత బాగున్నాదో."

నేను అడిగింది అదే. ఒక్క ముద్ద తినాలని. అక్కడితో ఆమె మాట ఆగిపోతే బాగుండును.

"మరి లెగనేదని ఎందుకు సెప్పినావు?"

"సెప్తాను, ఇను. తౌడు లెగిసిందంటే నివ్వొత్తన్నావనే గదా. నాను కోడిని పట్టీసినాను. ఈదిలో అందరికీ సెప్పీసినాను. తౌడు మాత్రం నవ్వనేదు. ఇదే నెల ఒదినా అన్నాది. పుస్యం అన్నాను. పుస్యమాసంలో సెలవేటి, మంచు కరక్కుండా ఎలా దిగుతాడు అన్నాది. దిగినాడేమోలే అన్నాను. మరి కాసేపుండి, పోస్టులో నిద్దరోతే ఏటి సేత్తారు ఒదినా అన్నాది."

"నివ్వేటన్నావు?"

"మన పెద్దనాన్న సెప్పీవోడు కాదేటి, కాల్చీసేవోరంట అని. కోడి ఈకలు పీకుతా అన్నాను. ఆలోచించనేదు తమ్ముడా. నవ్వుతానే అన్నాను."

బయట కొమురయ్య దగ్గాడు.

"నాను జంక్షనుకి లగెత్తినాను. మధ్యాన్నం బస్సుకి దిగుతావేమోనని. రెండు బస్సులు సూసినాను. నివ్వు రానేదు. ఇంటికొచ్చి సూద్దును గదా, తౌడు తొంగున్నాది. చుక్కల సీసా తలకాడ ఉన్నాది, ఖాళీగా. ఎన్ని చుక్కలేసుకోవాలో దానికేటి తెలుసు? ఎప్పుడూ నానే గదా ఏసీదాన్ని. అంతా తాగీసినాది."

"డాక్టర్లకి ఫోన్ చెయ్యనేదా?"

"గురక పెడతాంది గదా! నీ గురకే. గట్టిగా. ఏనాడూ అంత గట్టిగా పెట్టనేదు. నీ సెలవు రద్దయిపోయినాదనుకున్నాను. మళ్ళీ డూటీ ఎక్కినావు, ఇది మళ్ళీ తొంగున్నాది అనుకున్నాను. కోడిని వొండీసి మూతెట్టీసినాను."

వల అవతల ఆమె చెయ్యి డబ్బా మూత మీద తిరుగుతోంది. తెరుస్తోంది, మూస్తోంది.

"దీపం ఎలిగిస్తంటే గురక ఆగిపోనాది. ఒక్కపాలే ఆగిపోనాది. నీ గురక తమ్ముడా. నివ్వే పోయేవనుకున్నాను. మంచులో పోయేవనుకున్నాను. ఈదిలోకెల్లి నేల మీద పడిపోయినాను. ఊరంతా ఒచ్చీసినారు. నీ పేరెట్టి అందరూ ఏడ్సినారు. నీతో బడికెల్లినోలు, నీ పెద్దమ్మలు, అందరూ. మేష్టారు శిబిరానికి ఫోను సేసినాడు. బతికే ఉన్నాడంట అని అరిసినాడు. అందరం నవ్వీసినాం. మేష్టారు నా నోట్లో పంచదార పోసినాడు. అప్పుడు లోపలికెల్లి దీనికి సెప్దామని..."

ఆమె డబ్బా మూత మూసేసింది. చెప్పవలసింది ఇంకేమీ లేదు.

ఊరంతా నాకోసం ఏడ్చింది. నేను బతికి ఉన్నానని తెలిసి నవ్వింది. ఆ రెంటికీ గోడకి అవతల ఆమె ఒక్కతే పడి ఉంది. అమ్మ కోసం ఏడవలేకపోయిన మనిషికి ఏడ్చేవాళ్ళు కూడా వేళకి దొరకలేదు.

"ల్యాబోలు ఒచ్చి లెగిసినాదా అని అడిగినారు. లెగిసిందంటే సీసా ఎవలు ఒదిలీసినారని అడుగుతారు. నేదు, లెగనేదు అనీసినాను. కాల్చీసినాం. గింజ దానితోటే కాలిపోనాది." అప్ప వలకి నుదురు ఆనించింది. "నన్ను తిట్టు తమ్ముడా. ఒక్క మాట తిట్టు."

నేను తిట్టలేదు. తిడితే మనసు తేలికపడి ఇంటికి వెళ్తుంది. ఆ పని నేను చెయ్యదలచుకోలేదు.

"చీకటి పడకుండా బస్సెక్కు" అన్నాను.

ఆమె జంతికల డబ్బా అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. ఆమె వీపు చూస్తూ నిలబడ్డాను. ఆమె నా అక్క. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. అయినా పిలవలేదు.

*

మర్నాడు డాక్టర్ హైమావతి కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఎండ వరండాలో సగం దాకా పాకింది.

"నిర్ణయించుకున్నావా?"

"ఆమె లేచింది మేడమ్."

ఆవిడ కళ్ళజోడు తీసింది.

"లేచి, తిని, తల దువ్వుకుంది. నేను పోస్టులో నిద్రపోతున్నానని తెలుసుకుంది. నిద్రపోతే కాల్చేస్తారని ఎవరో చెప్పారు. సీసా ఎత్తి తాగేసింది. మంచం ఎక్కి నన్ను కిందికి తోసేసింది. అందుకే మధ్యాహ్నం నేను లేచాను. మీ సూది నన్ను మర్నాటి దాకా పడుకోబెట్టాలి. ఆమె పడుకోనివ్వలేదు."

ఆవిడ చదువుకున్న మనిషి. చెప్పింది అర్థమైంది.

"నాకు తెలీదు నాయుడూ" అంది చివరికి. "తెలిసి ఉంటే ఆ సాక్ష్యం చెప్పేదాన్ని కాదు."

"ఆ గంట తీసేయమన్నది ఎవరు?"

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. నేనూ మళ్ళీ అడగలేదు.

"నేను పైవాళ్ళతో మాట్లాడతాను" అంది. "పోస్టుకి వెళ్ళకపోయినా నిన్ను వదిలేలా చూస్తాను. ఈలోగా ఈ గింజ తీసేద్దాం. కనీసం నిద్రపోతావు. ఇంత కాలం మేలుకుని ఉన్నావు. ఇంకెందుకు?"

"తియ్యకండి."

"ఎందుకు?"

"ఒకటే మంచం అని మీరే చెప్పారు. దాని మీద ఒక్కరే పడుకోగలరని. ఆమె ఎక్కింది. ఇంకా దిగలేదు. అందుకే నాకు నిద్ర లేదు. మీ లెక్కలకి అందనిది ఇదే."

"నాయుడూ, ఆమె లేదు."

"అది మీకు తెలిసినంత వరకు. దూరం ఎందుకు పట్టదో కూడా మీకు తెలీదన్నారు."

ఆవిడ లేచి నిలబడింది. ఊచల మీద చెయ్యి వేసింది. క్షమాపణ అడగబోతోందని ముఖం చూస్తే తెలిసింది.

"అడక్కండి మేడమ్. నా దగ్గర లేదు."

చెయ్యి తీసేసుకుంది. "బయటికి రావా అయితే? ఆ మంచులోకి వద్దు, మీ ఊరికైనా?"

మా ఊరు కళ్ళ ముందు కనిపించింది. నా పేరు పెట్టి ఏడ్చి, నేను బతికానని పంచదార తిన్న వీధి. ఆ వాకిలి. ఆ మంచం.

"మీ విడుదల మీ దగ్గరే ఉంచుకోండి. శిక్ష అయ్యాక నా కాళ్ళతో నేను వెళ్తాను. అప్పటిదాకా నన్ను ఏ పోస్టుకీ పంపకండి. ఒక కాపలాలో ఉన్నాను. మొదటిసారి ఎవరి కోసం కాపలా కాస్తున్నానో నాకు తెలుసు."

ఆవిడ వెళ్ళిపోయింది. గేటు తెరుచుకున్న చప్పుడు, మూసుకున్న చప్పుడు వినిపించాయి.

భోజనాల తర్వాత కొమురయ్య స్టూలు లాక్కుని వచ్చాడు. డబ్బాలోంచి ఒక జంతిక తీసుకుని, ఒకటి నాకు ఊచల్లోంచి అందించాడు.

"ఏమన్నదే డాక్టరమ్మ? పోతున్నవా బైటికి?"

"పోను."

"పిచ్చోనివా అన్నా? తలుపు తీస్తమంటే పోనంటవా?"

"నేను పోతే మధ్యాహ్నం నిన్ను ఎవరు లేపుతారు?"

నవ్వబోయి, నా ముఖం చూసి ఆగాడు. జంతిక నములుతూ కాసేపు నా వైపే చూశాడు. "నీకు ఎన్నడైన నిద్రొస్తదా దాలన్నా?" అన్నాడు నెమ్మదిగా.

"ఆమె లేచినప్పుడు వస్తుంది."

కొమురయ్య తుపాకీ మోకాళ్ళ మధ్య పెట్టుకుని గోడకి చేరగిలబడ్డాడు. కాసేపటికి తల ఒక పక్కకి వాలింది. నోరు తెరుచుకుంది. గురక మొదలైంది. అతని గురక నా గురకలా ఉండదు. ఈల లేదు.

నేను లేచి ఊచల దగ్గర నిలబడ్డాను. జైలు మొత్తం మధ్యాహ్నపు నిద్రలో ఉంది. అందరూ ఎప్పటిలాగే నన్ను వదిలేసి ఎక్కడికో వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళిన చోట ఆమె కూడా ఉంటుంది. నా గురక పెడుతూ, నా కలలు కంటూ.

చివరి మలుపు దగ్గర బూట్ల చప్పుడు వినిపించింది. ఊచ మీద మెల్లగా కొట్టాను. కొమురయ్య లేచాడు.